వీరనారప్పను నిలబెట్టడం

ఐదు గంటలకు ఊరేగింపు ఈ ఇంటి ముందుకు వస్తుంది, ఇప్పుడు నాలుగు దాటింది, అంతవరకు నేను చేయాల్సిందల్లా ఈ మనిషి కాళ్ళు పట్టుకుని కూర్చోవడమే. కాళ్ళు పట్టుకోవడం నాకు కొత్త కాదు, నా ఉద్యోగమే అది. పొద్దున్నే ప్రొద్దుటూరులో మా ట్రస్టు వ్యాను ఎక్కుతాను, నర్సు ఖమ్రున్నీసా మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంటుంది, ఇక బతకరని పెద్దాసుపత్రులు చేతులెత్తేసి ఇంటికి పంపిన మనుషుల దగ్గరికి పోతాం. ఆమె నొప్పి తగ్గే మందు పోస్తుంది, నేను ఒళ్ళు కదిలిస్తాను. బతికించడానికి కాదు. ఊపిరి సాఫీగా ఆడటానికి, కీళ్ళు బిగుసుకోకుండా, పుండ్లు పడకుండా, ఉన్న నాలుగు రోజులూ మనిషి మనిషిలా ఉండటానికి. ఎట్లాగూ పోయేవానికి ఎక్సర్‌సైజులు ఎందుకప్పా అని పులివెందుల బస్టాండులో ఒకాయన టీ ఒలికిపోయేలా నవ్వాడు. నేనూ నవ్వాను. 

వీరనారప్ప కుడి మడమ నా అరచేతిలో ఉంది. మడమను గుప్పిట్లో పట్టుకుని, పాదాన్ని నా ముంజేతికి ఆనించి, మెల్లగా మోకాలి వైపు నెట్టాలి, మడమ వెనక నరం సాగాలి, పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఒకటి, రెండు. చర్మం కింద ఆ నరం నాగలి తాడంత లావుగా, గట్టిగా ఉంది. డెబ్బై ఆరేళ్ళ ముసలివాడికి, ఒళ్ళంతా క్యాన్సర్ తిన్నవాడికి, ఇంత మంచి నరం ఎందుకు? మూడు, నాలుగు. ఇక్కడే, సరిగ్గా నా బొటనవేలు ఉన్నచోటే, మా నాయనకు కత్తి దిగింది. ఐదు. ఒక్క వేటు చాలదు, ముందు తెల్లగా తెరుచుకుంటుంది, నెత్తురు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, ఆ తెలుపు నేను చూశాను. ఆరు. రెండో కాలికి ఇంకో వేటు. ఆ తర్వాత గొడ్డలి తిరగేసి నడుము మీద. ఎన్ని లెక్కపెట్టానో మరిచిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. "శానా సేపు పట్టుకుంటివే ఈపొద్దు," అన్నాడు వీరనారప్ప కళ్ళు తెరవకుండానే. నరం బిగుసుకుంది పెద్దాయనా అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో.

నెలన్నరగా వారానికి రెండుసార్లు ఈ మిద్దె ఎక్కుతున్నాను. మొదటి రోజు గేటు దగ్గరే ఆపారు, ఎవురి బిడ్డవప్పా, యా ఊరు మీది అని. జమ్మలమడుగు చుట్టుపక్కల ఈ ప్రశ్న మంచినీళ్ళివ్వడానికి ముందు అడుగుతారు, జవాబును బట్టి నీళ్ళిస్తారు. నా పేరు చిన్నన్న, దువ్వూరు లక్ష్మయ్య కొడుకునని చెప్పాను. చిన్నన్న నిజం. దువ్వూరు మా అమ్మ పుట్టిల్లు, లక్ష్మయ్య మా మేనమామ. గొర్ల గంగులయ్య కొడుకునని చెప్పి ఉంటే ఆ గేటు తెరుచుకునేదా? తెరుచుకునేదేమో, మళ్ళీ బయటికి వచ్చేవాణ్ణా అన్నది వేరే సంగతి. ఎందుకొచ్చానో నాకే తెలియదు. ఈ కేసు నేను చూడనని ట్రస్టులో ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. కాగితం మీద ఆ పేరు చూసి, ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుని, పొద్దున వ్యానెక్కాను. రెండో వారంలో వీరనారప్ప తమ్ముడి కొడుకు ఓబులేసు, ఈ ఎన్నికల్లో ఎమ్మెల్యేకి పోటీ చేస్తున్నవాడు, కడప నుంచి పెద్ద ఫిజియోను పిలిపిస్తానంటే ఈ ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఈ పిల్లోడే రావల్ల. ఇంగెవురూ ఒద్దు," అన్నాడు. ఆ రోజు వ్యానులో తిరిగొస్తుంటే నాకు సంతోషమేసింది. సిగ్గు లేకుండా సంతోషమేసింది. నా పనితనాన్ని మా నాయనను చంపినవాడు మెచ్చుకున్నాడని.

చంపినవాడు అంటే వెంటనే చంపలేదు. నాలుగేళ్ళు పట్టింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, అదీ ఎన్నికల కాలమే. నాయన వీరనారప్పకు ఎదుటి పార్టీ నాయకుడి చేనులో మంద కట్టాడు. గొర్రెల్ని రాత్రిళ్ళు రైతు చేనులో పడుకోబెడితే ఆ పెంటికలే ఎరువు, అందుకు గింజలిస్తారు, అది మా బతుకు. గొర్రెలకు పార్టీ లేదు, ఎవరి చేనైనా వాటికి చేనే. ఆ ఏడు ఆ నాయకుడు గింజలతో పాటు తన పాత తెల్ల చొక్కా కూడా ఇచ్చాడు. నాయన జన్మలో తెల్లచొక్కా వేసుకోలేదు. కంబళి తీసి పక్కన పెట్టి, ఆ చొక్కా తొడుక్కుని, బాగుందా రా చిన్నోడా అని నన్ను అడిగి, అట్లాగే పడుకున్నాడు. ఫ్యాక్షన్ నాయకులు ఒకచోట రెండు రాత్రులు పడుకోరు. ఆ నాయకుడు చేలల్లో పడుకుంటున్నాడని వీళ్ళకు కబురందింది. తెల్లవారుతుండగా వచ్చారు. కంబళి కప్పుకున్న మనిషి కనబడి ఉంటే గొర్రెలోడు అని వదిలేసి పోయేవాళ్ళు. చేను వాడిది, చొక్కా తెల్లది. అంతే చూశారు. నన్ను పిల్లల గంప, అదే, గొర్రెపిల్లల్ని మూసిపెట్టే పెద్ద గంప, దాని కిందికి నాయన ఒక్క తోపు తోశాడు. అల్లిక సందుల్లోంచి అంతా చూశాను. పక్కన రెండు పిల్లలు నా చెవులు నాకుతున్నాయి. నాయన ఒకడి కాళ్ళు రెండు చేతులా వాటేసుకుని ఏదో అంటున్నాడు, అందరూ అరుస్తున్నారు, గొర్రెలు అరుస్తున్నాయి. అంతా అయ్యాక ఆ కాళ్ళ మనిషి వంగి, నాయన ముఖం గడ్డం పట్టి పైకెత్తి చూసి, "థూ, ఈడు గాదురా," అన్నాడు. పెళ్ళి భోజనం చేసి వచ్చి ఇంకొకడి చెప్పులు తొడుక్కున్నవాడు అనే గొంతు అది. తిట్టుకున్నాడు, పోయాడు. ఆ కాళ్ళే ఇవి. ఇప్పుడు ఎడమది తీసుకోవాలి.

"అన్నా, ఆ కాలు ఇంగా ఇడవలేదే నువ్వు," అంది ఖమ్రున్నీసా మెల్లగా, సీసా మూత బిగిస్తూ. ఆమెకు నా సంగతి తెలియదు. భర్త కువైట్‌లో, ఇద్దరు పిల్లలు, ఎవరి గొడవలూ వద్దనుకునే మనిషి. ఏదో ఒకటి ఉందని మాత్రం కనిపెట్టింది. "ఈయన్ను లేపి జనానికి చూపించే పనికి మనం రాలేదు గదన్నా. ఒద్దని చెప్పి పోదాం పా." ఆమె అన్నది న్యాయమే. ఆయన కుడి తొడ ఎముక ఎక్స్‌రే నేను వెలుతురుకు పెట్టి చూశాను, తుంటి దగ్గర చెదలు తిన్న వాసంలా ఉంది, డొల్ల. బరువు మోపితే విరుగుతుంది. మధ్యాహ్నం రాగానే కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, ఓబులేసుకు చదివి వినిపించాను. అతను విన్నాడు, గౌరవంగానే విన్నాడు, సెల్‌ఫోను జేబులో పెట్టి మరీ విన్నాడు. తర్వాత అన్నాడు: "డాక్టరప్పా, మా పెద్దనాయన లేస్తాల్యాడని జమ్మలమడుగంతా చెప్పుకుంటాండారు. నాలుగూర్లు ఇప్పటికే ఆ పక్కకు పోయినాయి. రెండు నిమిషాలు. మిద్దెమింద నిలబడి చెయ్యెత్తితే సాలు. ఆయన నిలబడినాడంటే ఎవురూ మా వాకిట్లోకి రారు. పడినాడని తెలిస్తే మాత్రం, మా ఆడోళ్ళు గూడా మిగలరు." భయపెడుతున్నాడో, భయపడుతున్నాడో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. ఎముక విరిగితే ఆ నొప్పికి మా దగ్గర మందు చాలదు అన్నాను. "ఆయనే అడుగుతాండాడు," అన్నాడు. అది మాత్రం నిజం. ముసలాయన మంచంలోంచి నన్నే చూస్తున్నాడు.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతాను. సరే అంటే చాలు. సరేనని, అందరు ఫిజియోలూ చేసేట్టే లేపి, చేతుల్లో కొంచెం బిగువు తగ్గిస్తే చాలు. కుడికాలి మీదికి బరువు పోతుంది. పిడుగు పడ్డ చప్పుడు అక్కర్లేదు, ఎండిన కంది కట్టె విరిచినంత చప్పుడు వస్తుంది. నన్నెవరూ తప్పు పట్టరు, కాగితం మీద రాసి ఉంది, వాళ్ళే ఒత్తిడి చేశారు. ఆ అరుపు నేను వినొచ్చు. ఇరవై ఆరేళ్ళుగా ఆ అరుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది నాకు. బాంబులు చుట్టినవాళ్ళు, గొడ్డళ్ళు నూరినవాళ్ళు వేరే జాతి అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు గొడ్డలి అవసరం రాలేదు, అంతే తేడా. సరే అన్నాను. 

నాయనకు కాళ్ళు చచ్చుబడి, మందపక్క గుడిసెలో నులక మంచం మీద నాలుగేళ్ళు. అమ్మ మునెమ్మ పసుపు పెట్టింది, వేపాకు కాచి పోసింది, మొక్కని దేవుడు లేడు, ఆఖరికి బ్రహ్మంగారి మఠం దాకా పోయి విభూతి తెచ్చి పుండ్లలో నింపింది. వీపు కింద, పిరుదుల దగ్గర నా పిడికిలి పట్టే గుంతలు. ఈగలు వాలకుండా బడి మాని విసనకర్ర పట్టుకుని కూర్చునేవాణ్ణి. మూడో ఏడు పురుగులు పడ్డాయి. ఆయన నొప్పి తెలియదు అనేవాడు, నడుము కింద ఏమీ తెలియదు గదా, వాసన మాత్రం ఆయనకూ తెలిసేది, సావలేక నిన్ను గూడా నాశనం చేస్తాండా చిన్నోడా అనేవాడు. ఆయన్ను కదిలిస్తే చచ్చిపోతాడేమోనని మేము కదిలించలేదు. అదే చంపింది. చాలా ఏళ్ళ తర్వాత, ఎట్లాగో చదువుకుని, ఈ కోర్సులో చేరితే, రెండో ఏడు క్లాసులో మేడమ్ బోర్డు మీద రాసింది, మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి అని. అంతే. మందు లేదు, మిషను లేదు, ఖర్చు లేదు. ఒక పిల్లవాడు చాలు. నేను పుస్తకం అక్కడే వదిలేసి బయటికి పోయాను. వీరనారప్ప ఆ పొద్దుటి వేట్లతో ఊరుకున్నాడు, మిగతాది నా చేతులు చేశాయి, ఏమీ చేయకుండా. అందుకే ఈ చేతులు ఇప్పుడు ఎవరి ఒళ్ళు కనబడినా ఊరుకోలేవు. ఈయన ఒంటి మీద కూడా ఒక్క పుండు లేదు. నేను రాకముందు ఒకటి మొదలైంది, మానిపోయింది. మాన్పింది నేనే.

ధడధడమని చప్పుడు. నేను మంచం కిందికి వంగిపోయాను, తల మీద చేతులతో, ముప్పై ఎనిమిదేళ్ళవాణ్ణి. ఖమ్రున్నీసా యా అల్లా అని గోడకు అతుక్కుంది. మంచం మీద ముసలాయన గరగరమని నవ్వాడు. "సీమటపాకాయలు లేప్పా. బాంబుకు ముందర గాలి అదురుతాది. దీనికి అదరల్యా." ఊరి మొదట్లో ఊరేగింపు. పలకలు, మైకులో ఓబులేసు పేరు, జై అనే కేకలు. ఆయన భార్య యల్లమ్మ లోపలికొచ్చి, ఉతికి మడతపెట్టిన పంచె, చొక్కా, తలగుడ్డ, జరీ శాలువ మంచం మీద పెట్టింది. నా ముఖంలోకి చూడకుండా, "ఆయన అడిగింది చెయ్యప్పా," అంది. నాకు అది పంచె కట్టమని చెప్పినట్టే వినిపించింది.

పంచె కింద నడుముకు నా బెల్టు కట్టాను, మనుషుల్ని లేపేటప్పుడు పట్టుకోవడానికి వాడే గట్టి పట్టీ. మంచం అంచున కూర్చోబెట్టాను. ఇక ఒక మనిషిని లేపాలంటే ఒకే దారి ఉంది, ఎదురుగా నిలబడి, మోకాళ్ళకు మోకాళ్ళు అడ్డం పెట్టి, చేతులు నా మెడ చుట్టూ వేయండి అని చెప్పి, కౌగిలించుకోవాలి. వేరే మార్గం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆయన చేతులు నా మెడ మీద పడ్డాయి. గడ్డం నా భుజం మీద. గుండె నా గుండెకు తగిలి కొట్టుకుంటోంది, పిట్ట గుండెలా తొందరగా, నాదీ అంతే తొందరగా. మందు వాసన, ముసలి వాసన. మా నాయనను నేను ఒక్కసారైనా ఇట్లా పట్టుకున్నానా? ఆ వాసనకు జంకి దూరంగా కూర్చుని విసనకర్ర ఊపాను. ఇంత గట్టిగా నేను కౌగిలించుకున్న మొదటి ముసలివాడు వీడు. దేవుడా, ఏం జన్మ. ఎడమకాలి మీద తిప్పి కుర్చీలో వేశాను, కుర్చీని ఓబులేసు మనుషులు మిద్దె వాకిలి దాకా మోసుకొచ్చారు.

ఎవరూ పట్టుకున్నట్టు కనబడకూడదన్నది ఓబులేసు షరతు. కాబట్టి నేను వెనక. ఆయన వెనకే నిలబడి, నా ఎడమ మోకాలు వంచి, తొడను ఆయన పిరుదుల కింద పీటలా పెట్టి, శాలువ కింద రెండు చేతులతో బెల్టు పట్టుకుని లేపాను. బరువంతా నా మీదే. కుడిపాదం నేలను తాకుతోంది, అంతే. ఎదురుగా మోకాలెత్తు పిట్టగోడ, దాని కింద వీధి నిండా తలలు.  ఆయన కనబడగానే లేచిన కేక నా పళ్ళలోకి దిగింది. ఆయన చెయ్యెత్తాడు. నా తల ఆయన భుజం వెనక నుంచి కొంచెం కనబడుతూ ఉంటుంది, జనం నన్ను ఆయన గన్‌మేన్ అనుకుంటారు, ఈ నాయకుల వెనక ఎప్పుడూ ఒకడుంటాడు గదా. ఓబులేసు రెండు అడుగుల దూరంలో దండాలు పెడుతున్నాడు. ఇప్పుడే. తొడ కొంచెం వెనక్కి లాగితే చాలు. ఇప్పుడే.

"గంగులయ్య కొడుకువి గదూ నువ్వు," అన్నాడు వీరనారప్ప. చెయ్యి అట్లాగే ఎత్తి, ముఖం జనం వైపు పెట్టి, పెదాలు కదలనట్టే.  "మొదటి దినమే తెలుసు. నీ నాయన మొగమే. ఆ పొద్దు నా కాళ్లు పట్టుకోని, నేను గంగులయ్యను మామా, గొర్లోన్ని మామా అన్న్యాడు. ఇనపడేలోపల దెబ్బ పడిపాయ." ఊపిరి తీసుకున్నాడు. పక్కటెముకలు నా ఛాతీ మీద పైకీ కిందికీ. "మా నాయన నిలబడే పాయ. మా అన్న నిలబడే పాయ. మంచంలో కుళ్ళి సచ్చేది మా ఇంట్లో లేదప్పా. ఇంగెవురైనా నన్ను గట్టిగా పట్టుకుంటారు. నువ్వయితే ఇడుస్తావని, నువ్వే రావల్లంటి. ఈ గోడ మోకాలెత్తే, ఇడిస్తే నేరుగా కిందికే పోతా. ఇడుసు. నీ కడుపు గూడా సల్లబడుతుంది. ఇడ్సప్పా."

నన్నే రమ్మన్నది నా పనితనం కోసం కాదన్నమాట. కింద పలకలు, పైన ఎండ, మధ్యలో పూలు విసురుతున్నారు, ఒక బంతిపువ్వు నా చెంపకు తగిలింది. నేను కోరిందే ఆయన అడుగుతున్నాడు, ఇద్దరం ఒకే పని కోసం ఈ నెలన్నరా ఒకరినొకరు పట్టుకుని ఉన్నాం. ఒక్క పని మంచిగా జరిగే అవకాశం ఈ ఊళ్ళో ఇదే మొదటిదేమో. నా ఎడమ చేతి వేళ్ళు వదులయ్యాయి. నేను వదిలానో అవే వదిలాయో చెప్పలేను. ఆయన ఒక అంగుళం జారాడు, కుడికాలు బరువు అందుకోబోతోంది, పిట్టగోడ దగ్గరికొచ్చింది. ఆయన గొంతులోంచి ఒక నిట్టూర్పు వచ్చింది, రోజంతా మోసిన మూట దించుకున్నవాడి నిట్టూర్పు. హాయి. అది హాయి. మా నాయనకు నాలుగేళ్ళలో ఒక్కసారీ రానిది. ఆ చప్పుడు వినగానే నా వేళ్ళు బెల్టు చుట్టూ బిగుసుకున్నాయి, ఎంత గట్టిగా అంటే గోరు ఒకటి మడత పడి నెత్తురొచ్చింది. ఆయన్ను పైకి లాగి నా తొడ మీద మళ్ళీ కూర్చోబెట్టాను. చెవి దగ్గర నోరు పెట్టి, ఇన్నేళ్ళుగా దువ్వూరువాడిలా, ప్రొద్దుటూరువాడిలా మాట్లాడిన నోటితో, మా నాయన మాటలో చెప్పాను: "ఇడవను. మా నాయన నాలుగేండ్లు పండుకున్న్యాడు. నువ్వు గూడా పండుకో. రెండు గంటలకోసారి నిన్ను పక్క మార్సమని మీవోళ్లకు నేర్పిస్తా. ఒక్క పుండు పడనీను. ఒక్క నొప్పి రానీను. సల్లగా, మెల్లగా పో."

అది దయ కాదు. ఖమ్రున్నీసా తర్వాత అంది, ఎంత ఓపికన్నా నీకు అని. దయ కాదని నాకు తెలుసు, దయ కానిది ఇంత మెత్తగా చేయొచ్చని మాత్రం అంతకుముందు తెలియదు. ఊరేగింపు మలుపు తిరిగాక లోపలికి తెచ్చాం. ఓబులేసు నా చేతులు కళ్ళకద్దుకున్నాడు. ముసలాయనను ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు, వీపుకు దిండు, మడమలు పరుపుకు తగలకుండా కింద చుట్టిన తువ్వాలు పెట్టాను. యల్లమ్మకు చూపించాను, ఇట్లా, మళ్ళీ ఏడు గంటలకు ఆ పక్కకు. ఆమె నన్ను ఇప్పుడు సూటిగా చూసి తల ఊపింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి కారుతున్నాయి. నొప్పేమోనని ఖమ్రున్నీసా మందు కొలుస్తుంటే నొప్పి కాదన్నాను.

"ఇంగ ఎన్ని దినాలప్పా?" అన్నాడు వీరనారప్ప గోడవైపు చూస్తూ.

దుప్పటి ముడతలు సరిచేశాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"శుక్రవారం వస్తా, పెద్దాయనా," అన్నాను.